పిల్లలతో వంట: గవ్వలా, సున్నుండలా, మలీదా?

పోయిన వేసవి సెలవుల్లో మొదటి రోజే పల్లీ చిక్కీ పెట్టుకున్నాను. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు, అబ్బాయికి ఐదు. పల్లీలు వేగి చల్లారాక పొట్టు నలిపి ఊదేదాకా ఇద్దరూ మహా హుషారుగా ఉన్నారు. వంటిల్లంతా ఎర్ర పొట్టే. తర్వాత బెల్లం పాకం పొయ్యెక్కింది. అక్కడి నుంచి నా నోట "దూరం జరుగు", "ముట్టుకోకు", "వద్దన్నానా" తప్ప వేరే మాట రాలేదు. పాకం ముదిరాక పల్లీలు వేసి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, అప్పడాల కర్రతో ఒత్తడానికి రెండు నిమిషాలు కూడా ఉండవు. ఆ రెండు నిమిషాల్లో పిల్లలకి ఇవ్వడానికి పనే లేదు. ఆ హడావుడిలో ఒక చుక్క నా మణికట్టు మీద పడింది. చిక్కీ బాగానే వచ్చింది. పిల్లలు మాత్రం అప్పటికే టీవీ ముందు కూర్చున్నారు.

ఆ తర్వాత ఏడాదిగా చాలా రకాలు చేసి చూశాం. రుచిని బట్టి ఎంచుకోవడం దండగ అని నాకు తేలింది. నెయ్యీ బెల్లమూ పడ్డాక రుచిగా రానిది ఏముంటుంది? చూసుకోవాల్సినవి రెండే. పిల్లల చేతికి ఎంతసేపు పని దొరుకుతుంది? ఆ పని పొయ్యికి ఎంత దూరంలో జరుగుతుంది? చిక్కీలో పనంతా పొయ్యి దగ్గరే, అదీ పెద్దవాళ్ళదే. గవ్వల్లో గంటకి పైగా పని హాల్లో చాప మీద జరుగుతుంది, పొయ్యి దగ్గరది చివర్లో మనం ఒక్కళ్ళం చూసుకునేది. ఈ లెక్కతో చూస్తే మన వంటలు ఏవి పిల్లలకి పనికొస్తాయో, ఏవి రావో ఇట్టే తేలిపోతుంది.

పొయ్యి వెలిగించకుండా అయ్యేవి

మొదటిసారి పిల్లల్ని వంటలోకి దింపుతుంటే మలీదతో మొదలుపెట్టండి. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు తిన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: రొట్టెలు మెత్తగా తుంచి, బెల్లం, నెయ్యి కలిపి కట్టిన ముద్ద. మధ్యాహ్నం నాలుగు చపాతీలు ఎక్కువ చేసుకుంటే చాలు. నాలుగింటికి అర కప్పు బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి, కాస్త యాలకుల పొడి. తుంచడం మూడేళ్ళ పిల్లకి కూడా వస్తుంది. పుస్తకాలు చింపే వయసు వాళ్ళకి ఇంతకంటే ఇష్టమైన పని ఉండదు, పైగా తిట్లు కూడా పడవు. చపాతీ గోరువెచ్చగా ఉండగానే తుంచితే బెల్లం బాగా పడుతుంది. చల్లారి గట్టిపడితే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. లోపమల్లా ఒకటే, పావుగంటలో అయిపోతుంది. "ఇప్పుడేం చేద్దాం?" అన్న ప్రశ్నకి మీరు సిద్ధంగా ఉండాలి.

సున్నుండలది వేరే కథ. మా అత్తయ్య ముందు రోజు రాత్రే మినప్పప్పు సన్న సెగ మీద దోరగా వేయించి, చల్లార్చి, పొడి కొట్టించి డబ్బాలో పోసి ఉంచుతారు. పిల్లలకి మిగిలేది జల్లించడం, బెల్లం కలపడం, చుట్టడం. జల్లెడ చేతికిస్తే చాలు, పావుగంట వాళ్ళ ఊసు మనకి ఉండదు. కానీ సున్నుండ నిలవాలంటే పిడికిలి బిగించి నొక్కాలి, ఐదేళ్ళ చేతికి అంత బలం ఎక్కడిది? మావాడి మొదటి ఉండ అరచెయ్యి తెరవగానే రెండు చెక్కలైంది. మళ్ళీ నొక్కితే నాలుగు. వాడు ఆ ముక్కలన్నీ నోట్లో వేసుకుని, "ఇది పోయింది, ఇంకోటి చేస్తా" అన్నాడు. అలా వరసగా ఏడు పోయాయి.

అందుకని పిల్లలు చుట్టేటప్పుడు మామూలుగా కంటే ఒకటి రెండు చెంచాల నెయ్యి ఎక్కువే పడుతుంది. అయితే ఒకేసారి పోయొద్దు. నెయ్యి ఎక్కువైన సున్నుండ చేతిలో ముద్దుగానే ఉంటుంది, పళ్ళెంలో పెట్టాక మెల్లగా అడుగు చదునై కూలబడుతుంది. ఒక గుప్పెడు పొడి పక్కన దాచుకుంటే ఆ ప్రమాదం నుంచి బయటపడొచ్చు. కొలత అడిగేవాళ్ళకి: రెండు కప్పుల మినప్పప్పుకి కప్పున్నర బెల్లం తురుము, నెయ్యి ముప్పావు కప్పుతో మొదలుపెట్టి చూసుకుంటూ పోవాలి.

ఐదారేళ్ళ లోపు పిల్లలుంటే మాత్రం సున్నుండ కంటే చిమ్మిలి మేలు. నాగుల చవితికి చలిమిడితో పాటు చేస్తామే, అదే. కప్పు నువ్వులకి ముప్పావు కప్పు బెల్లం. నువ్వులు నలిగేకొద్దీ తమ నూనె తామే వదులుతాయి, బెల్లం తడి దానికి తోడై పిండి దానంతట అదే ముద్ద కడుతుంది. నెయ్యి అక్కర్లేదు, కండబలమూ అక్కర్లేదు. ఎంత చిన్న చెయ్యి చుట్టినా ఉండ నిలబడుతుంది. మిక్సీ మాత్రం ఆపి ఆపి తిప్పాలి. ఏకధాటిగా తిప్పేస్తే నూనె తేలి జిడ్డుగా అయిపోతుంది.

పదేళ్ళు దాటిన పిల్లలకి ఇలాంటివి చిన్నపిల్లల ఆటలా అనిపిస్తాయి. వాళ్ళకి పూతరేకులు మడిచే పని ఇచ్చి చూడండి. రేకు తీయడం మనవల్ల అయ్యేది కాదు. పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కాలే కుండ మీద పరిచి, లాగి, పొరలా లేపడం గోదావరి తీరాన ఆత్రేయపురం వాళ్ళకి చెల్లింది. 2023లో ఆ ఊరి పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ వట్టి రేకులు విడిగా అమ్ముతారు, అవి తెచ్చుకోవచ్చు. రేకుని తడి గుడ్డ మీద ఒక్క క్షణం ఆనిస్తే మెత్తబడుతుంది, నెయ్యి అద్ది, బెల్లం పొడి, జీడిపప్పు పలుకులు చల్లి మడిచేయడమే. రెండు క్షణాలు ఉంచితే గుడ్డకి అతుక్కుపోతుంది. అసలు తడి చూపకపోతే పట్టుకోగానే పెళపెళమని విరుగుతుంది. మా అమ్మాయి మొదటి నాలుగూ పాడుచేసి, ఐదోది బజారులో కొన్నదానిలాగే మడిచింది. ఆ పాడైన నాలుగూ నేనే తిన్నాను, ఎవరో ఒకరు తినాలి కదా.

మధ్యాహ్నమంతా గడవాలంటే

నన్నడిగితే పిల్లలతో చేయడానికి గవ్వలని మించింది లేదు. రెండు కప్పుల మైదా (సగం గోధుమపిండి వేసుకున్నా బాగానే వస్తాయి), రెండు చెంచాల బొంబాయి రవ్వ, చిటికెడు ఉప్పు, మూడు చెంచాల వేడి నెయ్యి. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి అరగంట తడి గుడ్డ కప్పి ఉంచాలి. తర్వాత చాప పరిచి, మధ్యలో పిండి పెట్టుకుని చుట్టూ కూర్చోవడమే. గోళీ కంటే చిన్న ఉండ, దాన్ని గవ్వల పీట మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకి జరిపితే చారలు పడి, తనకి తానే చుట్టుకుని గవ్వ అవుతుంది. ఆ చుట్టుకునే క్షణం చూడాలి, పిల్లల మొహం విప్పారుతుంది. ఇందులో బలం కాదు, వేలి వాటం కావాలి. అందుకే పిల్లలు పెద్దవాళ్ళతో సమానంగా చేసేస్తారు, ఒక్కోసారి మించిపోతారు.

పీట లేకపోతే కొత్త దువ్వెన, లేదంటే ఫోర్కు వెనకభాగం చాలు. అమెరికాలో ఉంటున్న మా చెల్లెలు ఇటలీ వాళ్ళు నోకీ అనే చిన్న పిండి ముద్దలు చేసుకునే చారల చెక్క కొనుక్కుంది. అచ్చం మన గవ్వల పీటే, పిడి ఒక్కటే తేడా.

ఈ కొలతకి వంద దాటి గవ్వలు వస్తాయి. ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద మనిషి కూర్చుంటే గంట పైనే పడుతుంది. ఎవరు ఎన్ని చేశారో లెక్కపెట్టుకుంటారు, పోట్లాడుకుంటారు, మధ్యలో ఒకడు పిండితో పాము చేస్తాడు. చేయనివ్వండి. కానీ రెండు విషయాల్లో మెతకదనం పనికిరాదు. ఒకటి, పచ్చి పిండి నోట్లో పెట్టనివ్వకూడదు. మైదా వేడి తగలని పిండి, అందులో కడుపు పాడుచేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు. రెండు, మందంగా చేసిన గవ్వలు, ఆ పామూ నూనెలో పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతాయి. వాటిని విడిగా తీసి, మంట బాగా తగ్గించి చివర్లో వేయించండి.

వేయించడం మన పని. పాకమూ మనదే. బెల్లం పాకం అనగానే నా మణికట్టు గుర్తొస్తుంది. మరిగే నీళ్ళ వేడి 100 డిగ్రీలైతే, చిక్కీకి సరిపోయే ముదురు పాకం 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. పైగా నీళ్ళలా జారిపోదు, చర్మానికి అంటుకుని అక్కడే కాలుస్తుంది. గవ్వలకి అంత ముదురు అక్కర్లేకపోయినా కాల్చడంలో అదీ తక్కువేం కాదు. పిల్లలు చుట్టుపక్కల ఉంటే పాకం జోలికే పోకుండా రెండు దారులున్నాయి: పిండిలోనే ఉప్పు, కారం, వాము వేసి కారం గవ్వలు చేయడం, లేదా వేడి వేడి గవ్వల మీద పంచదార పొడి చల్లి కుదపడం. కుదిపే పని, గవ్వలు గోరువెచ్చగా అయ్యాక, పిల్లలదే.

కజ్జికాయల్ని (తెలంగాణలో గరిజెలు) గవ్వలతో పోల్చి అడుగుతుంటారు. అచ్చు ఉంటుంది కాబట్టి తేలిక అనుకుంటాం. పుట్నాల పప్పు, ఎండు కొబ్బరి, పంచదార కలిపే లోపలి పొడికి పొయ్యి అక్కర్లేదు, అచ్చు మూసి నొక్కడం పిల్లలకి సరదా. అంతవరకు బాగానే ఉంటుంది. చిక్కల్లా వాళ్ళ ధారాళమైన చెయ్యి. ఒక చెంచా పెట్టమంటే మూడు పెడతారు, అంచు సరిగా అతుక్కోదు. నూనెలో పడ్డాక ఆ ఒక్కటి విచ్చుకుంటే పొడంతా బయటికొచ్చి మాడి, మిగతా కజ్జికాయలన్నిటికీ నల్ల చుక్కలు అంటుకుంటాయి. మా ఇంట్లో మూడో వాయికే నూనె మార్చాల్సి వచ్చింది. తొమ్మిది పదేళ్ళు దాటినవాళ్ళకే ఈ పని ఇవ్వండి. చిన్నవాళ్ళకి పొడి కలిపే పని చాలు.

అసలు నూనె బాణలే వద్దు, టెన్షన్ పడలేను అనేవాళ్ళకి ఉండ్రాళ్ళ పిండి ఉంది. కప్పు బియ్యపు రవ్వకి రెండు కప్పుల నీళ్ళు, జీలకర్ర, ఉప్పు, నానబెట్టిన శనగపప్పు వేసి ఉడికించి, చెయ్యి పట్టే వేడికి రానివ్వాలి. ఇక దాన్ని పిల్లలకి మట్టిముద్దలా ఇచ్చేయొచ్చు. రవ్వ ముందే ఉడికింది కాబట్టి గవ్వల్లా లోపల పచ్చిగా ఉంటుందన్న బాధ లేదు, ఏ ఆకారమైనా సరే. మావాడు ఏనుగు చేశాడు. పది పన్నెండు నిమిషాలు ఆవిరి మీద ఉడికి వచ్చేసరికి తొండం ఊడింది. "పడుకుంది" అన్నాడు. రుచి విషయంలో మాత్రం పిల్లలు వీటికి అంత ఎగబడరు. పక్కన కొబ్బరి పచ్చడో, తీపి కావాలంటే బెల్లం తురుమో పెట్టాల్సిందే.

ఆకలి మీద ఉన్నప్పుడు

సాయంత్రం ఐదింటికి ఆకలితో ఉన్న పిల్లల ముందు గవ్వల పిండి పెడితే ఏడుపులే. అప్పటికి ముంత మసాలా. మరమరాలు (సీమలో బొరుగులు) ఉంటే చాలు. ఉల్లిపాయ, టమాటా మీరు తరిగివ్వండి. కొత్తిమీర తుంచడం, నిమ్మకాయ పిండడం, కలపడం వాళ్ళు. నిమ్మకాయ పిండిన చేత్తో కళ్ళు నలుపుకోకుండా చూసుకోండి. ఒకటే నియమం, కలిపిన ఐదు నిమిషాల్లో తినేయాలి, లేకపోతే మెత్తబడుతుంది. పల్లీలు వేసేటప్పుడు నాలుగైదేళ్ళ లోపు పిల్లలుంటే పొడి చేసి వేయండి. నిండు పల్లీ గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

దోశ పిండి మిగిలి ఉంటే గుంత పొంగనాలు. ఏ గుంతలో ఏం వేయాలో పిల్లలు నిర్ణయిస్తారు. ఒకదాంట్లో క్యారెట్ తురుము, ఇంకోదాంట్లో ఉల్లిపాయ, మూడోదాంట్లో అరటిపండు ముక్క, బెల్లం. పిండి పోయకముందే, పెనం చల్లగా ఉండగా ఈ పంపకాలు కాగితం మీద గీయిస్తే ఇంకా బాగుంటుంది. తిప్పడం ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి, అదీ మనం పక్కనుంటేనే. దోశల కంటే ఇవే నయం. దోశ ఒక్కటే వస్తుంది, "ముందు నాకు" అన్న గొడవ తప్పదు. పొంగనాలు ఒకేసారి ఏడో పన్నెండో దిగుతాయి.

కుక్కర్ కేక్ సంగతి చాలామంది అడుగుతారు. పిల్లలకి కేకంటే ప్రాణం, నిజమే. కానీ వాళ్ళు చేసేది ఐదు నిమిషాలు కలపడం, తర్వాత ముప్పావు గంట "అయిందా? అయిందా?" అని అడగడం. మామిడి పుల్ల ఐస్ కూడా అంతే. పోసేది ఒక్క నిమిషం, ఆ తర్వాత రాత్రిదాకా ఫ్రిజ్ తలుపు ఊరికే ఉండదు. ఇవి వంటలుగా కాక, వేరే పని చేస్తూ పక్కన పెట్టుకునేవిగా చూడండి. గవ్వలకి కూర్చోబోయే ముందు ఐస్ పోసి పెట్టేస్తే సరి.

జంతికలు, అరిసెలు, సకినాలు మా జాబితాలో లేవు. అరిసెల పాకం పెద్దవాళ్ళనే ఏడిపిస్తుంది. జంతికల గొట్టం సరిగ్గా మరిగే నూనె మీదే నొక్కాలి. సకినాలు మాత్రం పన్నెండేళ్ళ పిల్లలు నేర్చుకోదగ్గవి. గుడ్డ మీద పిండిని వేళ్ళ మధ్య నులుముతూ చుట్టడం ఓపిక ఉన్నవాళ్ళకి అబ్బుతుంది. మొదటి ఏడాది గుండ్రంగా రావు, ఆ మాట ముందే చెప్పేయండి.

కాలాన్ని బట్టి, మందిని బట్టి

మే నెలలో పొయ్యి ముందు నిలబడటం పెద్దవాళ్ళకే శిక్ష. ఎండాకాలమంతా మలీద, చిమ్మిలి, ముంత మసాలా, ఐస్. గవ్వలు, కజ్జికాయలు దసరా, సంక్రాంతి సెలవులకి ఉంచండి. వానాకాలంలో మాత్రం బెల్లం గవ్వలు రెండు రోజుల్లో సాగుతాయి, కారం గవ్వలే నయం.

ఇద్దరికి మించి పిల్లలుంటే సున్నుండలు వద్దు. కలిపే గిన్నె ఒకటే ఉంటుంది, చేతులు ఎక్కువ. గవ్వలకైతే ఎంతమందైనా సరే, తలా ఒక ఫోర్కు ఇచ్చేయొచ్చు. పక్కింటి పిల్లలు కూడా వస్తుంటే వాళ్ళ అమ్మని ఒక మాట అడగండి, పల్లీలు, జీడిపప్పు, పాలు, నువ్వుల్లో ఏదైనా పడదా అని. మన దగ్గర ఈ ప్రశ్న వింతగా చూస్తారు, అయినా అడగాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు బడికి చిమ్మిలి పంపే ముందు ఇంకా ఆలోచించాలి. అక్కడ 2023 జనవరి నుంచి పొట్లాల మీద తప్పక రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో నువ్వులు కూడా చేరాయి.

ఇక పొయ్యి వెలిగే రోజుల్లో పిల్లలకి నైలాన్ గౌన్లు వద్దు, నూలు బట్టలే. జుట్టు కట్టేయాలి. బాణలి వెనక పొయ్యి మీద పెట్టాలి, గరిటె కాడ బయటికి పొడుచుకు రాకూడదు. నేల మీద నెయ్యి చుక్క పడితే అప్పటికప్పుడే తుడవాలి. పొరపాటున కాలితే కుళాయి కింద 20 నిమిషాలు మామూలు నీళ్ళు. ఐస్ కాదు, టూత్‌పేస్టు అసలే కాదు. ఆ రోజు నా మణికట్టుకి మా ఇంట్లో పేస్టు తెచ్చినవాళ్ళు ఒకరు, పసుపు తెచ్చినవాళ్ళు ఇంకొకరు. నీళ్ళ దగ్గరికి నేనే పరిగెత్తాను.

మావాడికి ఇప్పుడు ఆరేళ్ళు నిండాయి. వాడి గవ్వలు ఇంకా చుట్టుకోవు, చారలు మాత్రం పడి చదునుగా ఉంటాయి. మొన్న దసరాకి అవే ఎక్కువ కరకరలాడుతున్నాయని తిని తేల్చేశాడు. అప్పట్నుంచి వాళ్ళక్క కూడా కావాలనే కొన్ని చదునుగా నొక్కుతోంది.